గిఫ్ట్ అని రాసి ఉన్న పెట్టె

మొదటి రోజు: యార్క్

మా మేనకోడలి పెళ్లికని విజయవాడ నుంచి బయలుదేరే ముందు కొండపల్లి వెళ్లి, పల్లకీలో కూర్చున్న పెళ్లికూతురు, పెళ్లికొడుకు బొమ్మలు కొన్నాను. తెల్ల పొణికి కర్రతో చేసిన ఆ బొమ్మలు దూదిలా తేలికగా ఉంటాయి గానీ ఒత్తిడి తగిలితే విరుగుతాయి. అందుకని దుకాణదారు వాటిని కాగితపు ముక్కల మధ్య సర్ది, అట్టపెట్టెలో పెట్టి, ఎర్ర మెరుపుకాగితం చుట్టి, పైన ‘గిఫ్ట్’ అని బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలున్న చీటీ ఒకటి అంటించాడు. ఆ చీటీని నేను అప్పుడు పట్టించుకోలేదు. మన ఊళ్లలో ఆ మాట ఎంతగా ఇంట్లో మనిషైపోయిందంటే, బహుమతి సభావేదికకూ కానుక గుడి హుండీకీ పరిమితమైపోయి, మిగిలిన ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ గిఫ్టు ఖాతాలోకి వెళ్లిపోయాయి.

పెళ్లి స్టాక్‌హోమ్‌లో. ఇంగ్లండులోని యార్క్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గర నాలుగు రోజులుండి, అక్కణ్ణుంచి విమానం ఎక్కకుండా రైళ్ల మీదే వెళ్లాలని ముందే అనుకున్నాను. పొద్దున సామాను సర్దుతుంటే మా అబ్బాయి ఆ పెట్టె చూసి, “నాన్నా, ఆ చీటీ పీకెయ్యండి, దారిలో దాని అర్థం మారిపోతుంది” అన్నాడు. ముప్పయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాడికి అలాంటి మాట చెబితే చీటీ ఊడదు. ఆ పెట్టెను అలాగే చంకన పెట్టుకుని ఊరు చూడటానికి బయలుదేరాను.

ఆ మాటకు యార్క్‌తో సంబంధం ఉందని నాకు అంతకుముందు పుస్తకాల్లోనే తెలుసు. ఇక్కడి పాతబస్తీలో వీధుల పేర్లు చాలావరకు ‘గేట్’ అని ముగుస్తాయి. అది తలుపు కాదు, స్కాండినేవియా నుంచి ఓడల్లో దండెత్తి వచ్చిన వైకింగుల నార్స్ భాషలో వీధి అని అర్థమిచ్చే ‘గాత’. ఆ వైకింగుల్లోని డేన్ల సైన్యం 866లో ఈ పట్టణాన్ని పట్టుకుంది. మధ్యమధ్య చేతులు మారినా, 954లో చివరి నార్స్ రాజును వెళ్లగొట్టేదాకా ఇది వాళ్ల ఊరే. కాపర్‌గేట్ అనే వీధి పేరు చూసి రాగి పనివాళ్లుండేవారేమో అనుకుంటాం గానీ, అది కొయ్య గిన్నెలు చేసేవాళ్ల వీధి. 1976 నుంచి 1981 వరకు అక్కడ తవ్వినప్పుడు తరిమెన పట్టిన గిన్నెలతో పాటు, వాటి నడుమ నుంచి తీసి పారేసిన చెక్క దిమ్మలు కూడా బయటపడ్డాయి. కొయ్యబొమ్మలు చేతిలో పట్టుకుని ఆ వీధిలో నిలబడటం నాకు ముచ్చటేసింది.

ఇప్పుడు అసలు సంగతి. వైకింగులు రాకముందు కూడా ఇంగ్లీషులో ఆ మాట ఉంది, రాతలోనూ ఇదే రూపం. కాని పలికేటప్పుడు మొదటి అక్షరం గకారం కాదు, యకారం: ‘యిఫ్ట్’. అర్థం కూడా కానుక కాదు. అమ్మాయిని చేసుకోబోయేవాడు ఆమె వాళ్లకు చెల్లించే సొమ్ము అది. మన పల్లెల్లో ఓలి అనేది సరిగ్గా అదే. బహువచనంలో వాడితే ఏకంగా పెళ్లి అని అర్థం. 688 నుంచి 726 వరకు దక్షిణ ఇంగ్లండులోని వెస్సెక్స్‌ను ఏలిన ఐనే రాజు శాసనాల్లో ఆ మాట పెళ్లి అర్థంలోనే కనిపిస్తుంది: భార్యను ‘కొని’, ఆ పెళ్లి జరగకపోతే ఏం చెయ్యాలన్నది అక్కడి వ్యవహారం. ఎవరికైనా ఊరికే ఏదైనా ఇవ్వడమనే ఇప్పటి అర్థం, దానితో పాటు కంఠంలోంచి గట్టిగా పలికే గకారం, రెండూ నార్స్ మాట ప్రభావంతో వచ్చి చేరాయి. ‘ఇవ్వు’ అనే ఇంగ్లీషు క్రియకు పట్టిన గకారమూ అక్కడిదే. ఉత్తరాన ఈ మార్పు వచ్చాక కూడా దక్షిణాన పాత పలుకు చాలాకాలం పోలేదు. 14వ శతాబ్దిలో లండన్‌లో కవిత్వం రాసిన చాసర్ దాన్ని యకారంతోనే రాశాడు. అంటే విజయవాడలో మనం పలికే ‘గి’ ఈ ఊరి వైపు నుంచి, వైకింగుల నోట వచ్చిన ‘గి’.

రెండవ రోజు: లండన్ మీదుగా ఆమ్‌స్టర్‌డామ్

రోజంతా ప్రయాణమే. యార్క్ నుంచి లండన్ కింగ్స్ క్రాస్‌కు రైలు, రోడ్డు దాటితే సెయింట్ పాంక్రస్, అక్కణ్ణుంచి సముద్రం కింది సొరంగంలో దూరి నాలుగు గంటల్లో ఆమ్‌స్టర్‌డామ్. భద్రతా తనిఖీలో పెట్టెను యంత్రంలోకి పంపారు. తెరమీద పల్లకీ మోసే బోయీల నీడలు కనిపించాయి. తనిఖీ చేసే ఆమె నవ్వింది, ఏమీ అడగలేదు.

మూడవ రోజు: ఆమ్‌స్టర్‌డామ్

డచ్చివాళ్ల గకారం మన ఖకారానికి దగ్గర, గొంతు గీరుకుంటూ వస్తుంది. వాళ్ల నోట ఆ మాట ‘ఖిఫ్ట్’. కాలువ ఒడ్డున ఒక చిన్న చర్చిలోకి వెళితే గుమ్మం పక్కన హుండీలాంటి పెట్టె మీద అదే మాట రాసి ఉంది: మీ చందాకు స్వాగతం అని భావం. పుట్టినరోజుకు ఇచ్చే వస్తువును వీళ్లు ఆ మాటతో పిలవరు. దానికి వేరే మాట ఉంది. ఇది ధర్మానికిచ్చేది, సంస్థలకిచ్చేది, ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చేది. మన చందా, విరాళం అన్నమాట. నా పెట్టె ఈ ఊళ్లో ఫరవాలేదు, కాకపోతే చదివినవాళ్లు ఏదో అనాథాశ్రమానికి పట్టుకెళుతున్నాననుకుంటారు.

ఆ నిశ్చింత సాయంత్రం దాకానే నిలిచింది. నేను దిగిన అద్దె గదిలో వంటగది అరుగు కింద సీసా ఒకటి కనిపించింది. మురుగుగొట్టాలు శుభ్రం చేసే ద్రావకం అది. దానిమీద పుర్రె బొమ్మ, పక్కన అదే మాటకు చిన్న తోక తగిలించి ‘ఖిఫ్తిఖ్’ అని: విషపూరితం. చివరి టకారం తీసేసి ‘ఖిఫ్’ అంటే విషం, ఉంచితే చందా. తోక తగిలిస్తే టకారం ఉన్నా విషమే. డచ్చి భాషలో పూర్వం ఒకే రూపం రెండు అర్థాలనూ మోసేది. తరవాత ఇబ్బందై, విషానికి ఒక అక్షరం తగ్గించి వేరుకాపురం పెట్టించారు. విషపుకప్ప అనే మాటను ముక్కుమీద కోపం ఉన్న మనిషికి వాడతారట. 1638లో మొదలైన ఇక్కడి వృక్షోద్యానం ఔషధ మొక్కల తోటగా పుట్టింది. అందులో తిరుగుతూ నేను ఆలోచించిందల్లా ఒకటే: ఒకే ఆకు ఒకడికి మందు, ఇంకొకడికి విషం కావడం తోటలో వింత కాదు, నిఘంటువులో మాత్రం ఎందుకు వింతగా ఉండాలి?

నాలుగవ రోజు: హాంబర్గ్

బెర్లిన్ వెళ్లే రైలెక్కి ఓస్నాబ్రుక్‌లో దిగి, హాంబర్గ్ రైలు మారాను. నా పాత శిష్యుడొకడు అక్కడ పదేళ్లుగా ఉంటున్నాడు. స్టేషన్‌కొచ్చి, “మాస్టారూ, ఆ పెట్టె నాకివ్వండి” అని అందుకుని, చీటీ చూసి, ఏమీ అనకుండా దాన్ని తన చొక్కావైపు తిప్పి పట్టుకున్నాడు. మెట్రోలో ఎదుటివాళ్ల కంట పడకుండా చేసిన జాగ్రత్త అది.

ఇంట్లో ఆ జాగ్రత్త పనిచెయ్యలేదు. అతని కూతురికి ఆరేళ్లు, ఈ ఏడాదే బడిలో చదవడం నేర్చుకుంటోంది. కనిపించిన ప్రతి అక్షరాన్నీ వేలు పెట్టి కూడబలుక్కుంటోంది. భోజనాల బల్ల మీదున్న పెట్టె దగ్గరకొచ్చి గి, ఫ్, ట్ అని ఒక్కొక్కటే పలికి, వేలు చటుక్కున వెనక్కి తీసుకుని వంటింట్లోకి పరుగెత్తింది. “అమ్మా, తాతయ్య విషం తెచ్చాడు!” తెలుగులోనే అంది. జర్మన్లో ఆ మాటకు ఇప్పుడు మరో అర్థం లేదు. పొరపాటున ఏదైనా మింగినవాళ్లకు సలహా చెప్పే కేంద్రం పేరులో ఆ మాటే ఉంటుంది. ఈ ప్రాంతానిది గొట్టింగెన్‌లో ఉంది. మందుల దుకాణాల్లో ప్రమాదకరమైన సరుకు తాళం వేసి ఉంచే బీరువాను విషపు బీరువా అంటారు. గ్రంథాలయాల్లో అందరికీ ఇవ్వకూడదని దాచిన పుస్తకాల అరకూ అదే పేరు, ఆ సంగతి విని నాకు నవ్వొచ్చింది.

పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకుని పెట్టె కొంచెం విప్పి బొమ్మల్ని చూపించాక గానీ తను నమ్మలేదు. తరవాత నా శిష్యుడూ నేనూ రాత్రి పదకొండు దాకా ఆ మాట మీదే కూర్చున్నాం. ప్రాచీన జర్మన్లో కూడా దాని అర్థం ఇవ్వడం, ఇచ్చినది. మరి విషం ఎలా అయింది? దీనికి గ్రీకు వైద్యుల దాకా వెళ్లాలి. రోగికి ఒకసారి ఇచ్చే మందు కొలతను వాళ్లు ‘డోసిస్’ అన్నారు. ఇవ్వడమనే క్రియ నుంచి పుట్టిన మాట అది. లాటిన్ వైద్య గ్రంథాలు దాన్ని అలాగే తీసుకున్నాయి, జర్మన్లు తమ మాటలోకి దించుకుని ‘ఇచ్చినది’ అన్నారు. ఇచ్చినది మందు కావచ్చు, మరొకటి కావచ్చు. విషం పేరు నేరుగా ఎత్తడానికి జంకే నోళ్లు ఈ మెత్తని మాటను పట్టుకున్నాయి, పట్టుకుని వదల్లేదు. విషానికి అంతకుముందున్న జర్మన్ మాట ‘ఐటర్’ క్రమంగా దిగజారి ఇప్పుడు పుండులో చీము అనే అర్థంలో మిగిలింది.

మన కోవిడ్ టీకా తొలి డోసు, మలి డోసు అన్నామే, ఆ డోసు ఆ గ్రీకు మాటే. ఇంకా లోతుకు పోతే గ్రీకులో ఇవ్వడమనే ఆ ధాతువూ సంస్కృతంలో ‘దా’ ధాతువూ ఒకే వేరు నుంచి వచ్చినవి. డోసు, దానం అన్నదమ్ముల బిడ్డలు. ఇది చెబితే నా శిష్యుడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, “మాస్టారూ, మనవాళ్లకి ఇవన్నీ కలిపి మందు అనే ఒక్క మాట సరిపోయింది కదా” అన్నాడు. నిజమే. జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం పోసుకునేదీ మందే, చేలో కొట్టేదీ మందే. పల్లెటూళ్లో ‘మందు తాగాడు’ అన్న కబురు వచ్చినప్పుడు, చెప్పేవాడి గొంతును బట్టి సారా దుకాణానికి వెళ్లాలో ఆసుపత్రికి వెళ్లాలో తెలుసుకోవాలి. ఎవరికైనా ‘మందు పెట్టారు’ అంటే అది వైద్యం కాదని చిన్నపిల్లలకీ తెలుసు. అయినా మనం ఏ రోజూ తికమక పడలేదు. కాబట్టి జర్మన్ల మాట విని వింతపడే హక్కు మనకు లేదనిపించింది.

ఇంకో ముచ్చట. జర్మన్లూ డచ్చివాళ్లూ కానుకగా ఇవ్వడాన్ని ఇప్పుడు చెప్పే క్రియకు మొదటి అర్థం పానీయం పోయడం. వచ్చిన అతిథికి పాత్రలో పోసి అందించడం. పోసేది కానుక అయింది, ఇచ్చేది విషం అయింది!

పాత అర్థం జర్మన్లో పూర్తిగా చావలేదు, ఒక సమాసంలో తలదాచుకుంది: ‘మిట్‌గిఫ్ట్’. ‘మిట్’ అంటే తోడుగా. పెళ్లికూతురి వెంట ఇచ్చి పంపేది, మన అరణం. ఈ సంగతులు వెతకడానికి అతను ఫోనులో గ్రిమ్ సోదరుల నిఘంటువు తెరిచాడు. వాళ్లు 1838లో మొదలుపెట్టిన ఆ పని 1961లో గాని ముగియలేదు. విల్‌హెల్మ్ 1859లో పోయాడు, యాకోబ్ 1863లో ఎఫ్ అక్షరంలో ‘పండు’ అనే మాట రాస్తూ పోయాడు. ఎఫ్ తరవాతిది జి. ఈ మాట దాకా వాళ్లు రాలేకపోయారు, తరవాతివాళ్లు రాశారు.

ఐదవ రోజు: కోపెన్‌హాగెన్

ఒకప్పుడు హాంబర్గ్ రైలు పుట్‌గార్డెన్‌లో ఓడ ఎక్కి సముద్రం దాటి రోద్‌బీలో దిగేదట. 2019 డిసెంబరులో ఆ ఏర్పాటు ఆగిపోయింది. ఇప్పుడు డెన్మార్క్ ద్వీపకల్పమైన యూట్‌లాండ్ చుట్టి, ఓడెన్సే మీదుగా వెళ్లాలి. రైలు ఓడలోకి వెళ్లడం చూడలేకపోయానన్న దిగులు నాకు ఇంకా ఉంది.

డెన్మార్క్‌లో ఆ మాటకు రెండు అర్థాలు, రెండూ నేటివే: విషం, వివాహిత. గకారం గట్టిదే, పలుకులో తేడా లేదు. పెళ్లయినవాళ్లూ విషమూ ఒకటే అన్న చతురోక్తి నాకు ఈ దారిలో కనీసం నలుగురు చెప్పారు, ప్రతివాళ్లూ తామే కనిపెట్టినట్టు చెప్పారు. అందులో నవ్వు తొందరగా అరిగిపోతుంది. రెండూ ‘ఇవ్వడం’ అనే ఒకే కాండానికి వేరువేరు కొమ్మలు: ఒకవైపు పిల్లను ఇవ్వడం, ఇంకోవైపు మోతాదు ఇవ్వడం. పెళ్లి అర్థం ఇక్కడి సొంత పంట, విషం అర్థం దక్షిణం నుంచి, జర్మన్ నేల మీదుగా వచ్చి చేరింది.

నేను దిగిన సత్రం పెరట్లో, గోడవారగా, ఎలుకలకు పెట్టిన నల్లటి ప్లాస్టిక్ డబ్బా మీద ‘రొట్టెగిఫ్ట్’ అని రాసి ఉంది. తెలుగువాడి కంటికి అది రొట్టెతో ఏదో సత్కారంలా కనిపిస్తుంది. ‘రొట్టె’ అంటే ఎలుక.

సత్రం వసారాలో పాత నిఘంటువు ఉంటే తిరగేశాను. నాకు నచ్చిన జంట దొరికింది: ‘మెద్‌గిఫ్ట్’ అంటే అరణం, ‘మోద్‌గిఫ్ట్’ అంటే విరుగుడు. ఒక్క అచ్చు తేడా. ‘మెద్’ తోడు, ‘మోద్’ ఎదురు. అరణానికీ విరుగుడుకూ మధ్య ఒక్క అక్షరం అడ్డుగా ఉన్న భాషను చూశాక, కట్నాల దేశం నుంచి వచ్చినవాడు ఏమనుకోవాలో నాకు తోచలేదు. ఇంకొంచెం ముందుకెళితే ‘ఎదర్‌కొప్’ కనిపించింది, సాలెపురుగు. ‘ఎదర్’ విషానికి పాత డేనిష్ మాట, జర్మన్లో చీముగా మిగిలిన ఐటర్‌కు తోబుట్టువు. ఉత్తర ఇంగ్లండు పల్లెల యాసలో సాలెపురుగును ‘ఆటర్‌కాప్’ అనేవారు. యార్క్‌లో వదిలిపెట్టి వచ్చాననుకున్న మాట ఇక్కడ గోడమీద పాకుతూ ఎదురైంది.

ఆరవ రోజు: స్టాక్‌హోమ్‌కు

డెన్మార్క్‌నూ స్వీడన్‌నూ కలిపే ఓరెసుండ్ వంతెనను 2000 జూలై 1న తెరిచారు. దానిమీద రైలు సముద్రం దాటుతున్నప్పుడు ఎదుటి సీటులోని స్వీడిష్ పెద్దావిడ పెట్టె చూసి, అందులో ఏముందని ఇంగ్లీషులో అడిగింది. పెళ్లి బొమ్మలని చెప్పాను. ఆవిడ చీటీ మీద మాటను స్వీడిష్‌లో చదివి వినిపించింది: ‘యిఫ్ట్’.

నేను మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే. స్వీడిష్‌లో ఇకారం ముందు గకారం యకారంగా మెత్తబడిపోయింది. వెయ్యేళ్ల కిందట ఇంగ్లీషువాళ్లు యకారంతో పలుకుతుంటే నార్స్ వాళ్లు వెళ్లి గకారం నేర్పారు. ఆ నార్స్ వాళ్ల దాయాదులు తీరిగ్గా తమ గకారాన్ని వదులుకుని, ఇంగ్లీషువాళ్లు పారేసిన పలుకు దగ్గరికే వచ్చి చేరారు. ఒకదానికొకటి సంబంధం లేకుండా జరిగిన మార్పులే ఇవి. అయినా యార్క్‌లో మొదలైన ‘యిఫ్ట్’ మాల్మో దగ్గర పెద్దావిడ నోట వినపడేసరికి నాకు ఒళ్లు ఝల్లుమంది.

ఏడవ రోజు: పెళ్లి

స్టాక్‌హోమ్ పురపాలక భవనం 1923లో పూర్తయిన ఎర్ర ఇటుకల కట్టడం; నోబెల్ విందు జరిగేది అందులోనే. అక్కడి పెళ్లి ఎంత క్లుప్తమంటే, బావగారు కండువా సర్దుకునేలోపు అయిపోయింది. మన పద్ధతిలో పెళ్లి మాఘంలో విశాఖపట్నంలో చేస్తారు. బయటికొచ్చాక బావగారు ఇండియాకు ఫోను చేసి గట్టిగా, “ఆఁ, ఇక్కడి పిల్లాడికే ఇచ్చాం” అని చెబుతుంటే, మా మేనకోడలు నా చెవిలో, “నన్నెవరూ ఇవ్వలేదు మావయ్యా, నేనే వెళ్లాను” అంది.

తన మాటా నిజమే, కాని తను ఇవాళ్టి నుంచి కాగితాల మీద రాసే మాట ఆయన పక్షమే. నిన్నటిదాకా తను ‘ఊయిఫ్ట్’, అంటే పెళ్లికానిది; ఇవాళ ‘యిఫ్ట్’, పెళ్లయినది. మొదట్లో ఆ మాటకు అర్థం ఇవ్వబడినది అనే. 1734 నాటి స్వీడిష్ ధర్మశాస్త్రంలో మొదటి కాండమే వివాహానిది, దాని పేరులోనూ ఈ మాటే. పిల్లను ఇచ్చే అధికారం ఉన్న పెద్దను, అంటే తండ్రినో ఆయన లేకపోతే దగ్గరి బంధువునో, ‘యిఫ్టోమన్’ అనేవారు, మన కన్యాదాత. ఆ అధికారం కాలక్రమాన పోయింది. 1988 నుంచి అమల్లో ఉన్న వివాహ చట్టం పేరులోంచి కూడా ఈ మాటను తీసేశారు. కాని దంపతుల ఆస్తిలో ఒకరికొకరికి ఉండే వాటా పేరులో ఇంకా ఉంది, మగవాళ్లకీ అదే మాట వాడతారు.

ఇంకా విచిత్రం, స్వీడన్‌లో తండ్రి పెళ్లికూతురిని వేదిక దగ్గరికి తీసుకెళ్లి అప్పగించడం ఆచారం కాదు. వధూవరులిద్దరూ కలిసి నడిచి వెళతారు. 2010 జూన్‌లో యువరాణి విక్టోరియా తన తండ్రి చేయి పట్టుకుని నడుస్తానన్నప్పుడు చర్చి పెద్దలే అభ్యంతరం చెప్పారు. చివరికి రాజుగారు దారి మధ్యదాకా వెంట వెళ్లారు. ‘ఇచ్చిన పిల్ల’ అనే మాటను రోజూ వాడే జనం, ఇవ్వడమంటే ఒప్పుకోరు. మనం కన్యాదానం చేస్తూ వివాహిత అంటాం. ఆ మాటలో ఇవ్వడం లేదు, తీసుకుపోవడం ఉంది.

సాయంత్రం వాళ్ల ఇంట్లో పెట్టె ఇచ్చాను. రాత్రి తొమ్మిదైనా కిటికీ నిండా ఎండ ఉంది. పెళ్లికొడుకు చీటీ చదివి, లోపల బొమ్మలు చూసి, మళ్లీ చీటీ చూసి, “సరిగ్గానే రాశారు” అన్నాడు. మా మేనకోడలు మెరుపుకాగితం చింపకుండా విప్పి, చీటీ ఉన్న ముక్క మాత్రం కత్తిరించింది. కలం తీసుకుని, ఆ బంగారు అక్షరాల ముందు ‘న్యు’ అని రాసింది. కొత్త అని అర్థం. ‘న్యుయిఫ్ట్’, కొత్తగా పెళ్లయిన. పెళ్లికొడుకు కాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. పల్లకీలో ఇద్దరున్నారు, స్వీడిష్‌లో విశేషణానికి బహువచనం ఉంది. కలం అందుకుని చివర ‘అ’ చేర్చాడు. ‘న్యుయిఫ్టా.’ ఆ చీటీని పల్లకీ ముందు బోయీ పాదాల దగ్గర ఆనించి, బొమ్మల్ని కిటికీ గట్టు మీద పెట్టారు.